స్నేహితుడు కాగితం పెళ్లికి సిద్ధపడితే...

ఇందుకూరుపేట: మైపాడు తీరానికి కూతవేటు దూరంలో వున్న ఒక పల్లెలో 2023 జూన్ నెలలో ఒకనాటి రాత్రి. పదకొండు గంటలు దాటింది. రొయ్యల గుంటలో ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టుమీద కాపలా మంచంపై నడుం వాల్చిన ఇరవయ్యేడేళ్ల యువకునికి అమెరికాలోని డాలస్ నగరం నుంచి ఫోను వచ్చింది. చేసినవాడు చిన్ననాటి నేస్తం. ఇద్దరూ జిల్లా పరిషత్ హైస్కూలులో ఒకే బెంచీమీద కూర్చున్నవాళ్లు. బకింగ్‌హాం కాలువలో కలిసి ఈత నేర్చినవాళ్లు.

"ఒరే, పెళ్లి చేసుకుంటా ఉండా" అన్నాడు డాలస్ మిత్రుడు.

"అల్లూరు సంబంధం ఖాయమైందా?"

"అది కాదురా. ఈడ పిల్ల. పెళ్లంటే పెళ్లి కాదులే, కాగితాల కోసం. రెండు మూడేండ్లు ఆగి విడాకులు తీసుకుంటాం. మా నాయనకు మాత్రం చెప్పబాక."

గ్రీన్ కార్డు కోసం పెళ్లి! సినిమాలలో చూసి నవ్వుకున్న సంగతి తన గుంట గట్టుమీదికే వచ్చేసరికి ఆ యువకునికి కాసేపు నోట మాట రాలేదు. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి చదువుకని పిల్లలు అమెరికా వెళ్లటం ఇప్పుడు వింత కాదు. ప్రతి ఊళ్లోనూ ఇద్దరో ముగ్గురో వుంటారు. వారు పంపిన డాలర్ల సంగతి, కట్టిన మేడల సంగతి రచ్చబండ దగ్గర చెప్పుకుంటారు. ఇటువంటి ఫోన్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. అందుకే ఈ ఒక్క ఫోను కథ వివరంగా చెప్పవలసి వస్తున్నది. ఆడపిల్ల పేరు కూడా ముడిపడి వున్నందున ఎవరి పేరూ, ఊరి పేరూ ఇవ్వటం లేదు.

మూడు కోరికలు

డాలస్ మిత్రుడు ఆ రాత్రి మూడు కోరికలు కోరాడు. ఒకటి, ఇంట్లో తెలియనివ్వకూడదు. రెండు, పెళ్లి కుదిర్చే దళారికి మొదటి వాయిదా కట్టటానికి అయిదు లక్షలు సర్దాలి. రొయ్యలు పట్టుబడి అయ్యాక మిత్రుని చేతిలో డబ్బు ఆడుతుందని అతనికి తెలుసు. మూడవది అన్నిటికంటే విడ్డూరమైనది. "వీళ్లిద్దరూ రెండేళ్లుగా ప్రేమించుకుంటున్నారు, ఫోనులో నాతో కూడా మాట్లాడేవారు" అని ఇంగ్లీషులో ఒక ఉత్తరం సంతకం చేసి పంపాలి. అక్కడి వలస శాఖ వారు పెళ్లి నిజమైనదో కాదో తేల్చుకోవటానికి చూసే రుజువులలో బంధుమిత్రుల వాంగ్మూలాలు కూడా వుంటాయి. ఆ పిల్లను ఈ యువకుడు ఫోటోలో కూడా చూసి ఎరుగడు.

అతని కష్టం చిన్నది కాదు. అది చెప్పకుండా తప్పు మాత్రమే చెప్పటం న్యాయం కాదు. తండ్రికి రెండున్నర ఎకరాల మాగాణి వుంది. కొడుకును 2019 ఆగస్టులో ఎం.ఎస్. చదువుకు పంపటానికి బ్యాంకులో 20 లక్షలు, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి 12 లక్షలు తెచ్చాడు. బయటి అప్పుకు నెల తిరిగేసరికి వడ్డీయే 24 వేలు. చదువు 2020 డిసెంబరులో పూర్తయింది. చదువు తర్వాత సైన్సు, ఇంజనీరింగు విద్యార్థులకు అక్కడ మొత్తం మూడేళ్లు పనిచేసుకునే అనుమతి వుంటుంది. అది 2024 ఫిబ్రవరిలో తీరిపోతుంది. ఆలోగా హెచ్-1బి వీసా రావాలి. దానికి లాటరీ. 2021, 2022, 2023 మూడు సంవత్సరాలూ లాటరీలో అతని పేరు రాలేదు. 2023లో అయితే ఏడాదికి ఇచ్చే 85 వేల వీసాలకు 7 లక్షల 80 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒకే మనిషికి రెండు మూడు కంపెనీల చేత దరఖాస్తు పెట్టించినవాళ్లు కోకొల్లలు. ఒక్క దరఖాస్తుతో నిజాయితీగా నిలబడినవాడికి అవకాశం అంతకంతకూ తగ్గిపోయింది. మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వమే తప్పు గ్రహించి మనిషికి ఒక్కసారే అవకాశమని పద్ధతి మార్చింది. అప్పటికే ఈ కుర్రవాని పుణ్యకాలం గడిచిపోయింది.

అటువంటి సమయంలో దళారి తగిలాడు. తెలుగువాడే. "తమ్ముడూ" అని పిలుస్తాడు. మొత్తం పాతికవేల డాలర్లు, వాయిదాలలో కట్టవచ్చు, పిల్లను నేనే చూస్తాను, ఇంటర్వ్యూకు తర్ఫీదు కూడా ఇస్తానని చెప్పాడు. కువైట్ పంపుతామని పాస్‌పోర్టులు పట్టుకుపోయిన ఏజెంట్లను ఈ జిల్లా చాలాకాలంగా చూస్తూనే వుంది. అమెరికా ఏజెంటు చొక్కా నలగదు, అంతే తేడా.

గుంట గట్టుమీది మిత్రుడు ఆ రాత్రి చేసిన పని అందరూ చేసేదే. నోటికి వచ్చినట్టు తిట్టాడు. "మీ అమ్మ ముఖం ఎట్టా చూస్తావురా?" అన్నాడు. అవతల ఫోను పెట్టేశాడు. పన్నెండు రోజులు మళ్లీ మాట లేదు.

పెద్దపంతులు గారి మాట

ఆ పన్నెండు రోజులలో అతనికి నిద్ర పట్టలేదు. ఇంట్లో చెబుదామంటే మాట తప్పినట్టు. చెప్పకపోతే తప్పులో భాగం పంచుకున్నట్టు. చివరికి తమ ఇద్దరికీ లెక్కలు చెప్పిన రిటైర్డు ప్రధానోపాధ్యాయుని దగ్గరకు వెళ్లి, "ఎవరో ఒక కుర్రోడు సార్" అని మొదలుపెట్టాడు. ఆయనకు ఎవరో అర్థమైంది గాని అడగలేదు. ఆయన కుమార్తె కుటుంబం అమెరికాలోనే వున్నందున ఆ చట్టాల సంగతి కొంత ఎరిగినవారు. నెల్లూరులో తెలిసిన వకీలును కూడా అడిగి మర్నాడు కబురు చేశారు.

"తిడితే వాడు ఫోను పెట్టేస్తాడు నాయనా. దళారి తిట్టడు గదా, అందుకని వాడి దగ్గరికే పోతాడు. నువ్వు తిట్టబాక, అడుగు. అడిగితే జవాబు వాడే వెతుక్కోవాల" అన్నారాయన.

మొదట అడగవలసినది, ఇది నిజంగా ఉత్తుత్తి పెళ్లేనా అని. ఈ ప్రశ్న చాలామంది మరిచిపోతారు. అక్కడి పిల్లను నిజంగా ఇష్టపడి చేసుకుని, దానివల్ల గ్రీన్ కార్డు కూడా వస్తే అందులో నేరం ఏమీ లేదు. రంగు వేరైనా మతం వేరైనా అది పెళ్లే. పెద్దలు కుదిర్చిన పెళ్లిని కూడా అమెరికా చట్టం పెళ్లిగానే ఒప్పుకుంటుంది. తాళి కట్టేనాటికి ఇద్దరికీ కలిసి కాపురం చేయాలనే ఉద్దేశం వున్నదా లేదా అన్నదే అక్కడి కోర్టులు చూసే సంగతి. ఆ ఉద్దేశం లేకుండా కార్డు కోసమే సంతకం పెడితే, సాక్షులు వంద మంది వచ్చినా అది మోసమే.

చట్టం ఏం చెబుతున్నది?

ఈ ఆశ పుట్టటానికి కారణం కూడా చట్టంలోనే వుంది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డులలో ఏ దేశానికీ నూటికి ఏడుకు మించి ఇవ్వరాదని అమెరికాలో నియమం. మనదేశం నుంచి వెళ్లినవారు లక్షల్లో వున్నందున వరుసలో నిలబడితే పదుల సంవత్సరాలు పడుతుంది. అమెరికా పౌరుల భార్యకు గాని భర్తకు గాని ఆ లెక్క వర్తించదు. వరుస లేదు. దళారులు అమ్ముకునేది ఈ ఒక్క సందునే.

ఆ సందు దగ్గర కాపలా లేదనుకుంటే పొరపాటు. దొంగ పెళ్లిళ్లు పెరిగిపోయాయని 1986 నవంబరులో, రీగన్ అధ్యక్షుడుగా వుండగా, అమెరికా ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం పెళ్లయి రెండేళ్లు నిండని జంటకు మొదట ఇచ్చేది రెండేళ్ల తాత్కాలిక కార్డు. ఆ గడువు తీరేముందు చివరి మూడు నెలలలో భార్యాభర్తలు కలిసి మరల దరఖాస్తు పెట్టి కాపురం సాగుతున్నదని చూపాలి. ఒకే ఇంటి అద్దె కాగితం, కలిసి వున్న బ్యాంకు ఖాతా, పన్ను లెక్కలు, ఫోటోలు, అన్నీ కావాలి. అనుమానం వస్తే ఇద్దరినీ వేరువేరు గదులలో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు వేస్తారు. మంచానికి ఏ పక్క ఎవరు పడుకుంటారు, నిన్న రాత్రి ఏం వండుకున్నారు, అత్తగారి పేరేమిటి వంటివి. కాపురం చేసేవాడికి ఇవి ప్రశ్నలే కావు. చేయనివాడు బట్టీ పట్టాలి.

పట్టుబడితే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. మన లెక్కన రెండు కోట్ల రూపాయలకు పైమాటే. చాలామంది ఇక్కడితో ఆగుతారు. జైలు సంగతి చెప్పి భయపెడితే చాలునని అనుకుంటారు. దళారి దానికి జవాబు సిద్ధం చేసుకునే వుంటాడు: "వందమందిలో ఎందరిని పట్టుకుంటారు తమ్ముడూ?" అంటాడు.

దళారి చెప్పని సంగతి వేరే వుంది. వకీలు ముఖ్యంగా దానినే చెప్పమన్నాడు. కార్డు కోసం దొంగ పెళ్లి చేసుకున్నట్టు గాని, చేసుకోవటానికి ప్రయత్నించినట్టు గాని, అందుకు కుట్ర చేసినట్టు గాని రుజువు ఫైలులో పడితే, ఆ మనిషికి ఇక జీవితంలో గ్రీన్ కార్డు రాదు. కోర్టులో శిక్ష పడనవసరం లేదు. పదేళ్ల తర్వాత నిజంగా ప్రేమించి అమెరికా పిల్లను చేసుకున్నా, ఆమె దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారు. మంచి కంపెనీ దొరికి, కంపెనీయే గ్రీన్ కార్డుకు పెట్టినా తిరస్కరిస్తారు. అంటే పక్క దారి తొక్కినవాడికి అసలు దారి కూడా మూతపడుతుంది. ఒకవేళ అన్నీ దాటి పౌరసత్వమే వచ్చినా, మోసంతో వచ్చిందని తేలితే దానిని కూడా రద్దు చేయించే అధికారం ప్రభుత్వానికి వుంది. ఇంతకాలమూ గుట్టు ఎవరి చేతిలో వుంటుంది? దళారి చేతిలో, సంతకం పెట్టిన ఆ పిల్ల చేతిలో. వాళ్లు ఎప్పుడు ఎంత అడిగితే అంత ఇచ్చుకోవాలి.

ఇవి ఊహించి చెప్పే మాటలు కావు. 2017 ఫిబ్రవరికీ 2018 ఆగస్టుకీ మధ్య ఫ్లోరిడా రాష్ట్రంలో 80కి పైగా బూటకపు పెళ్లిళ్లు జరిగిన సంగతి బయటపడింది. పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లలో ఎక్కువమంది మన దేశస్థులు. నడిపించిన దళారి భారతీయుడు. డబ్బు ఆశ చూపి అమెరికా పౌరులను పోగుచేయటానికి అక్కడి మనిషినే ఒకరిని పెట్టుకున్నాడు. 2019లో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. దళారి పట్టుబడితే అతని దగ్గరున్న పేర్ల పట్టిక కూడా పట్టుబడుతుందని వేరే చెప్పనక్కరలేదు.

మనవాళ్ల అనుభవం ఇది ఒక్కటే కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బండారం బయటపడినప్పుడు వీధిన పడినవారిలో అధికసంఖ్యాకులు తెలుగు విద్యార్థులే. కొందరి కాళ్లకు ఎక్కడికి వెళ్లినా తెలిసే రేడియో పట్టీలు తగిలించారు. ఆ ఫోటోలు పత్రికలలో చూసి ఇక్కడ తల్లులు అన్నం మానేశారు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి మరీ ఘోరం. దానిని పెట్టింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల వేయటానికి. తరగతులు లేని ఆ కాలేజీలో విద్యార్థులను చేర్పించిన ఎనిమిదిమంది దళారులను, 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. తెలుగు సంఘాలవారు వకీళ్లను పెట్టి పరుగులు తీయవలసి వచ్చింది. అక్కడ వాడుకున్నది చదువు పేరు, ఇక్కడ పెళ్లి పేరు. నమ్మించిన భాష మాత్రం రెండుచోట్లా మన భాషే.

సంతకం పెట్టే పిల్ల సంగతి కూడా ఎవరూ ఆలోచించరు. భర్తకు కార్డు రావాలంటే అతని పోషణకు తాను పూచీ అని ఆమె ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. విడాకులు తీసుకున్నా ఆ పూచీ పోదు. అతను పౌరుడయ్యేదాకానో, దాదాపు పదేళ్లు పనిచేసేదాకానో ఆమె మెడకు వుంటుంది. పట్టుబడితే ఆమెకూ అదే శిక్ష. పంజాబులో ఇంగ్లీషు పరీక్ష పాసైన పిల్లలకు పెళ్లి చేసి, వాళ్ల వెనక విదేశం వెళ్లాలని వరుని తరఫువారు లక్షలు ఖర్చుపెట్టి, చివరికి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన సంగతులు పత్రికలలో వస్తూనే వున్నాయి. పెళ్లిని టిక్కెట్టుగా వాడుకున్న చోట ఆడపిల్ల నష్టపోయినా, మగపిల్లవాడు నష్టపోయినా, నిజంగా లాభపడింది మధ్యవాడే.

అల్లూరు సంబంధం

ఇక ఇక్కడి గొడవ. డాలస్ మిత్రుని తండ్రి అప్పటికే అల్లూరు వైపు ఒక సంబంధం మాట్లాడుతున్నాడు. పిల్ల డిగ్రీ పూర్తిచేసి బి.ఇడి. చదువుతున్నది. శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుందామని మాట. కుర్రవాడు ఇంట్లో వద్దనలేదు, సరే అనలేదు. "రెండు మూడేండ్లు ఆగమని చెప్తాను, ఈలోగా అక్కడ విడాకులు అయిపోతాయి" అన్నది అతని లెక్క.

ఆ లెక్క ఎంత ప్రమాదమో అతనికి తెలియదు. అమెరికాలో రిజిస్టరైన పెళ్లి కూడా పెళ్లే. అది వుండగా ఇక్కడ మరో పెళ్లి చేసుకుంటే హిందూ వివాహ చట్టం ప్రకారం రెండోది చెల్లదు. క్రిమినల్ నేరం కూడా. ఇప్పుడు అమలులో వున్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను ప్రకారం ఏడేళ్ల వరకు శిక్ష. మొదటి పెళ్లి సంగతి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల వరకు. అంతకు ముందున్న పీనల్ కోడ్‌లోనూ ఇంతే. విడాకులు అయ్యేదాకా ఆగినా, "ఇది మొదటి పెళ్లి" అని అమ్మాయి తండ్రితో అబద్ధం చెప్పక తప్పదు. చట్టం సంగతి అలా వుంచి, రెండు మూడేళ్లు తాంబూలాల మీద కూర్చోబెట్టిన ఆడపిల్ల వయస్సు ఎవరు తిరిగి ఇస్తారు?

స్నేహితుని రహస్యం స్నేహితుడు కాపాడవలసిందే. కాని ఆ రహస్యం మీద ఏ పాపం ఎరుగని మూడో మనిషి బతుకు ఆధారపడి వున్నప్పుడు కాపాడటానికి ఒక హద్దు వుంటుంది. అమెరికా పోలీసులకు ఉత్తరం రాయటం గుంట గట్టుమీది యువకుని పని కాదు. ఎవరూ అతన్ని అలా చేయమని అడగలేదు కూడా. అల్లూరు వారు తాంబూలాల పళ్లెం సర్దుతుంటే చూస్తూ వూరుకోవటం మాత్రం అతనివల్ల కాదు.

2023లో అధిక శ్రావణం వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తాలు లేవు. తాంబూలాలు నిజ శ్రావణానికి జరిగాయి. ఆ అధిక మాసం ఈ ఇద్దరు మిత్రులకూ కలిసివచ్చింది.

రెండో ఫోను

పదమూడవ రోజున తానే ఫోను చేశాడు. తిట్టినందుకు ముందు తప్పు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఆ పిల్ల పేరేందిరా?"

చెప్పాడు.

"వాళ్లమ్మ పేరు?"

జవాబు లేదు.

"ఏం పని చేస్తది? ఎవురికి బాకీ ఉండాది? నీ డబ్బు తీసుకుని రేపు సంతకం పెట్టనంటే ఎవురి కాడికి పోయి చెప్పుకుంటావు?"

"అట్టా ఏం కాదులేరా, అన్న చూసుకుంటాడు."

"ఆ అన్న ఇంటి అడ్రసు తెలుసా నీకు?"

అదీ తెలియదు. రెండేళ్లుగా వున్న వూళ్లో, పాతికవేల డాలర్లు చేతిలో పోయబోతున్న మనిషి ఇల్లు ఎక్కడో తెలియదు. మన పల్లెల్లో దూడను కొనేవాడు కూడా పళ్లు పట్టి చూసి, అమ్మేవాడి వూరు పేరు అడుగుతాడు.

జీవితకాలం కార్డు రాకుండా పోయే నిబంధన సంగతి చెప్పినప్పుడు అవతలివాడు చాలాసేపు మాట్లాడలేదు. "అది నాకు చెప్పలా" అన్నాడు చివరికి. జైలంటే జంకనివాడు దీనికి జంకాడు. అమెరికా వీడిపోవటం అతనికి భయం. అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవటం అంతకంటే పెద్ద భయం.

మూడు కోరికలకూ ఇతను ఆనాడే జవాబు చెప్పేశాడు. ఉత్తరం రాయను, అబద్ధం సంతకం నా చేత కాదు. అయిదు లక్షలు దళారికి ఇవ్వను, మీ నాయన అప్పుకైతే చూస్తాను. ఇంట్లో చెప్పటం నీ పని, కాని తాంబూలాలకు వారం ముందుదాకా నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. "ముందే చెప్తా ఉండా, వెనక అనుకోబాక" అన్నాడు. ఈ చివరి మాటకు డాలస్ మిత్రుడు బాగా కోపగించాడు. కోపగించినా ఫోను పెట్టేయలేదు. స్నేహం చెడినా చెడనీ అని తెగించి చెప్పిన మాట అది. చెప్పటానికి ధైర్యం కావాలి. గడువు ముందే చెప్పటం వలన దొంగచాటుగా చాడీ చెప్పినట్టు కాలేదు.

ఆ తర్వాత నెలరోజులు ఇద్దరూ మాట్లాడుకున్నది పెళ్లి గురించి కాదు, అప్పు గురించే. అసలు రోగం అదే గదా! ఇతను ఒక నోటుపుస్తకంలో లెక్క రాశాడు. బ్యాంకుకు ఎంత, బయట ఎంత, వడ్డీ ఎంత, పొలం అమ్మితే ఎంత, అమ్మకపోతే ఎంత. బ్యాంకు చదువు అప్పు తీర్చటానికి 15 సంవత్సరాల వరకు గడువు వుంటుందని, వాయిదా తగ్గించమని అడగవచ్చని బ్యాంకుకు వెళ్లి కనుక్కుని వచ్చాడు. ప్రాణం తీస్తున్నది బయటి 12 లక్షలే. ఎకరం పొలం అమ్మితే అది తీరిపోతుంది. కొడుకు అమెరికాలో వుండగా తండ్రి పొలం అమ్మితే ఊళ్లో తలవంపులని ఇన్నాళ్లూ తండ్రీ కొడుకులిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు అనుకుంటూ వచ్చారు. తలవంపులకు భయపడి నెలకు 24 వేలు కడుతున్నారన్నమాట!

ఆగస్టు మొదటి వారంలో, గడువు ఇంకా పది రోజులు వుండగా, డాలస్ మిత్రుడు తండ్రికి ఫోను చేసి మొత్తం చెప్పాడు. ఆ రాత్రి గుంట గట్టుమీది యువకుడు వాళ్లింట్లోనే పడుకున్నాడు, పెద్దాయనకు ఏమన్నా అవుతుందేమోనని. పెద్దాయన తిట్టలేదు. ఏడవలేదు. తెల్లవారుజామున లేచి, "ఎకరం అమ్మితే ఎంత వస్తది అబ్బయా?" అని మాత్రం అడిగాడట. అల్లూరు వెళ్లి, కుర్రవాడు తిరిగి వస్తున్నాడని, అప్పులున్నాయని, ఇష్టమైతేనే ముందుకు పోదామని చెప్పి వచ్చారు. వాళ్లు వారం రోజులు ఆలోచించి వద్దనుకున్నారు. ఆ పిల్లకు 2024లో వేరేచోట పెళ్లయింది.

తిరిగి వచ్చిన తర్వాత

కుర్రవాడు 2024 సంక్రాంతికి వచ్చేశాడు. మొదటి నెలలు మాత్రం కష్టంగా గడిచాయి. వీధిలో కనిపించిన ప్రతివాడూ "సెలవు మీద వచ్చావా, ఎప్పుడు ప్రయాణం?" అని అడిగేవాడు. "ఉద్యోగం పోయిందంట" అని ఒకరు, "అక్కడ ఏదో కేసంట" అని ఒకరు. కేసు కాకుండా వచ్చినందుకు వచ్చిన పేరు ఇది. మిత్రుని మీద కోపం కూడా అప్పుడే ఎక్కువైంది. రెండు నెలలు గుంటల వైపు రాలేదు. "నువ్వు వూరికే ఉండుంటే ఈపాటికి కార్డు వచ్చుండేది" అని ఒకసారి ముఖం మీదనే అన్నాడు. అది నిజమే కావచ్చు కూడా. పట్టుబడనివాళ్లు వున్నారు, వాళ్ల మేడలు వున్నాయి. ఇతను దానికి వాదించలేదు.

ఏప్రిల్‌లో చెన్నైలో ఉద్యోగం దొరికింది. జీతం అక్కడి దానిలో అయిదో వంతు. బయటి అప్పు తీరింది. ఎకరం పోయింది. బ్యాంకు అప్పు నెలనెలా నడుస్తున్నది. పదిహేను రోజులకొకసారి రైలెక్కి నెల్లూరులో దిగి, బస్సులో ఊరికి వస్తున్నాడు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యలు కొనేవాళ్లు వెనకాడారు. ధర పడిపోయింది. మేత బాకీ, కరెంటు బిల్లు, లీజు డబ్బు, అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. గుంట గట్టుమీది యువకుడు ఎవరితోనూ చెప్పలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు తేవటానికి నెల్లూరులో ఒకాయనతో మాట్లాడుకుని వచ్చాడు. నోటు రాయవలసిన రోజుకు రెండు రోజుల ముందు, ఒక శనివారం రాత్రి, చెన్నై మిత్రుడు చెప్పాపెట్టకుండా గుంట గట్టుకు వచ్చి మంచంమీద కూర్చున్నాడు.

"ఎవురి కాడ తెస్తా ఉండావు? ఎంత వడ్డీ? ఆయన ఇల్లు యాడో తెలుసా?" అని అడిగాడు.

ఏరేటర్లు రెండే తిరుగుతున్నాయి, ఖర్చు తగ్గించటానికి. పాత నోటుపుస్తకంలో ఇంకా కాగితాలు మిగిలివున్నాయి. ఈసారి లెక్క చెన్నై మిత్రుడు రాశాడు.